సేంద్రియ కర్బనాన్ని రకాలుగా విడదీసి చూపే మట్టి పరీక్ష: ఒక ప్రయోగశాల సేవపై సమీక్ష

మట్టిలో సేంద్రియ కర్బనం ఎంత ఉందో చెప్పే పరీక్షలు చాలా చోట్ల దొరుకుతాయి. అది ఏ రూపంలో ఉందో, ఎంత కాలం నిలుస్తుందో, పైరుకు ఎంతవరకు అక్కరకు వస్తుందో చెప్పే పరీక్షలు మాత్రం విశ్వవిద్యాలయాల పరిశోధన గదులు దాటి రైతు దాకా రావడం అరుదు. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు మట్టి పరీక్షా కేంద్రం ఈ రెండో రకం పరీక్షలను రైతులకు కూడా రుసుము తీసుకొని చేసి ఇస్తోంది. జహీరాబాద్ ప్రాంతంలో మా కుటుంబం సాగు చేసే మూడు చేల మట్టిని అక్కడికి పంపించి, వచ్చిన నివేదికను చేలతో పోల్చి చూసుకున్న తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను. కేంద్రం పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఇటువంటి సేవను ఎవరు అమ్మినా అందులో ఏది కొనదగినదో, ఏది కాదో, డబ్బు కట్టేముందు ఏమేమి అడగాలో పాఠకులకు తెలియాలన్నదే నా ఉద్దేశం.

ముందుగా మూడు చేల సంగతి చెప్పాలి. రెండు ఎర్ర చెలకలు ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్నాయి. ఒకదానిలో చాలా ఏళ్లుగా చెరకు ఉంది. కోత అయ్యాక చెత్తను తగలబెట్టి, కార్శికి (మోళ్ల నుంచి మళ్లీ మొలిచే పైరుకు) నీళ్లు పెట్టడం మా నాన్నగారి కాలం నుంచీ సాగిన పద్ధతి. రెండో చెలకలో జొన్న, కంది కలిపి వేస్తాం. వేసవిలో గొర్రెల మంద పెట్టిస్తాం, చివికిన పెంట తోలిస్తాం. మూడోది కాస్త పల్లంలో ఉన్న నల్లరేగడి, పత్తి చేను. దున్నినప్పుడు సున్నపు గడ్డలు తెల్లగా పైకి తేలుతాయి. మామూలు మట్టి పరీక్షలో రెండు ఎర్ర చెలకల సేంద్రియ కర్బనం అర శాతానికి దగ్గరగా, దాదాపు ఒకేలా వచ్చింది. అయితే చేలో నిలబడి చూస్తే ఆ రెండూ ఒకే మట్టి అని ఎవరూ అనరు. గట్టి వాన పడితే చెరకు చేలో పైపొర అట్టకట్టి నీరు పారిపోతుంది. జొన్న చేలో అదే వాన ఇంకుతుంది. ఒకే అంకె ఉన్న రెండు నేలలు ఇంత వేరుగా ఎందుకు నడుచుకుంటున్నాయన్న ప్రశ్నతోనే ఈ పరీక్షకు వెళ్లాను.

2015 ఫిబ్రవరిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ భూసార ఆరోగ్య కార్డు పథకంలో 12 అంశాలను పరీక్షిస్తారు. వాటిలో సేంద్రియ కర్బనం ఒకటి. అర శాతం కంటే తక్కువైతే తక్కువ అనీ, 0.5 నుంచి 0.75 వరకు మధ్యస్థం అనీ, అంతకు మించితే ఎక్కువ అనీ మన దేశంలో విభజిస్తారు. లక్షల నమూనాలను తక్కువ ఖర్చుతో చూడవలసిన పథకానికి ఈ ఒక్క అంకె సరిపోతుంది. దాన్ని చిన్నచూపు చూడవలసిన పని లేదు. అయితే ఆ అంకె ఎలా వస్తుందో తెలిస్తేనే అది దేన్ని చెప్పగలదో, దేన్ని చెప్పలేదో తెలుస్తుంది.

అది వాక్లీ, బ్లాక్ అనే శాస్త్రవేత్తలు 1934లో ప్రకటించిన పద్ధతి. ఒక గ్రాము మెత్తటి మట్టికి పొటాషియం డైక్రోమేట్ ద్రావణాన్నీ, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నీ కలుపుతారు. ఆమ్లం నీటితో కలిసినప్పుడు పుట్టే వేడికే డైక్రోమేట్ మట్టిలోని కర్బనాన్ని ఆక్సీకరిస్తుంది. బయటి నుంచి వేడి పెట్టరు. అరగంట తర్వాత మిగిలిన డైక్రోమేట్ ఎంతో ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో కొలుస్తారు. నీలి ఊదా రంగు చటుక్కున ఆకుపచ్చకు తిరిగిన చోట ఆగుతారు. ఈ వేడి చాలదు కనుక కర్బనంలో కొంత భాగం తప్పించుకుంటుంది. సగటున 77 శాతం మాత్రమే పట్టుబడుతుందని అనుకొని ఫలితాన్ని 1.3తో హెచ్చిస్తారు. ఆ సగటు ఏ చేనుకైనా ఒకేలా వర్తిస్తుందన్న హామీ లేదు. తాజా పెంటలోని కర్బనం దాదాపు అంతా కరిగిపోవచ్చు; బొగ్గులోనిది చాలా వరకు మిగిలిపోవచ్చు. ఉప్పు నేలల్లోని క్లోరైడు, నీరు నిలిచే నేలల్లోని ఫెర్రస్ ఇనుము డైక్రోమేట్‌ను తామూ ఖర్చు చేసి అంకెను పెంచుతాయి. కర్బనం నుంచి సేంద్రియ పదార్థాన్ని లెక్కకట్టేటప్పుడు వాడే 1.724 అనే గుణకం కూడా, సేంద్రియ పదార్థంలో 58 శాతం కర్బనం ఉంటుందన్న పాత ఊహ మీదే నిలబడి ఉంది. కాబట్టి నివేదికలో సేంద్రియ పదార్థం అని రాస్తే దాన్ని పక్కన పెట్టి, కర్బనం అంకెనే చూడమని నా సలహా.

ఈ కేంద్రం చేసిన మొదటి మంచి పని, వాక్లీ-బ్లాక్ అంకెతో పాటు పొడి దహన పద్ధతిలో వచ్చిన అంకెను కూడా పక్కపక్కనే ఇవ్వడం. దహన యంత్రంలో మట్టిని ఆక్సిజన్ నడుమ సుమారు 950 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి, వెలువడిన కార్బన్ డయాక్సైడును, దానితో పాటు నత్రజనినీ కొలుస్తారు. ఇక్కడ ఏ కర్బనమూ తప్పించుకోదు. చిక్కు అక్కడే ఉంది. నల్లరేగడిలోని సున్నపు గడ్డలు కాల్షియం కార్బొనేటు కనుక ఆ వేడికి అవి కూడా కార్బన్ డయాక్సైడు వదులుతాయి. వాటిని ముందుగా ఆమ్లంతో తొలగించకపోయినా, విడిగా కొలిచి తీసివేయకపోయినా రాతి కర్బనం కాస్తా సేంద్రియ కర్బనంగా లెక్కకు ఎక్కుతుంది. మా పత్తి చేను మట్టికి ఆమ్లం వేసే ముందు, వేసిన తర్వాత వచ్చిన రెండు అంకెలనూ నివేదికలో చూపించారు. ముందు వచ్చినదానిలో సగానికి పైగా సున్నానిదే. తెలంగాణ, రాయలసీమల్లోని నల్లరేగడి రైతులు దహన పద్ధతిలో పరీక్ష చేయించుకుంటే ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగాలి: సున్నాన్ని తీసేశారా, లేదా? సమాధానం స్పష్టంగా రాకపోతే ఆ అంకెను నమ్మకూడదు. మట్టిని కొలిమిలో కాల్చి తగ్గిన బరువును బట్టి సేంద్రియ పదార్థాన్ని లెక్కించే చవక పద్ధతి కూడా ఒకటుంది. నల్లరేగడిలోని బంకమట్టి తన పొరల మధ్య నీటిని పట్టి ఉంచుతుంది, ఆ నీరు పోయిన బరువు కూడా సేంద్రియ పదార్థంగా కనిపిస్తుంది. కనుక మన నేలలకు అది తగదు.

తరువాతిది పర్మాంగనేట్ పరీక్ష. మొత్తం జాబితాలో ఖర్చు తక్కువగా ఉండి, త్వరగా అయ్యేది ఇదే. రెండున్నర గ్రాముల మట్టిని పలుచటి పొటాషియం పర్మాంగనేట్ ద్రావణంలో రెండు నిమిషాలు గిలకొట్టి, పది నిమిషాలు తేరనిచ్చి, పైన నిలిచిన ద్రావణపు ఊదా రంగు ఎంత వెలిసిందో 550 నానోమీటర్ల కాంతి దగ్గర చూస్తారు. రంగు ఎంత తగ్గితే సులువుగా మారే కర్బనం అంత ఎక్కువ. అమెరికాలో వైల్, అతని సహచరులు 2003లో ఈ రూపాన్ని ప్రతిపాదించారు. అంతకు ముందు 1995లో బ్లేర్ బృందం ఎక్కువ గాఢత గల ద్రావణంతో ఇలాంటిదే చేసింది. రెండు పద్ధతుల అంకెలకు పోలిక ఉండదు కనుక ఏ గాఢత వాడారో నివేదికలో ఉండాలి. ఈ నివేదికలో ఉంది.

మా రెండు ఎర్ర చెలకల మధ్య తేడా మొదట బయటపడింది ఇక్కడే. మొత్తం కర్బనం దాదాపు సమానంగా ఉన్నా, చెరకు చేనులో పర్మాంగనేట్‌కు లొంగిన భాగం జొన్న చేనుతో పోలిస్తే సగం కన్నా కాస్త ఎక్కువ మాత్రమే. అయితే ఈ పరీక్షను అమ్మేవాళ్లు చెప్పినంత సూటిగా దీన్ని చదవకూడదు. పర్మాంగనేట్‌కు లొంగేదంతా సూక్ష్మజీవులకు ఆహారమని కాదు. చక్కెరలు, సెల్యులోజ్ వంటివి సూక్ష్మజీవులకు ఎంతో ఇష్టమైనవే అయినా ఈ పలుచటి ద్రావణంతో అంతగా చర్య జరపవు. లిగ్నిన్ వంటి పదార్థాలు మాత్రం చురుకుగా స్పందిస్తాయి. ఒకే నేల మీద, ఒకే ప్రయోగశాలలో, రెండు మూడేళ్లకు ఒకసారి చూసుకుంటే సాగులో చేసిన మార్పును ఇది మొత్తం కర్బనం కంటే ముందే పసిగడుతుంది. దాని విలువ అంతవరకే. ఊరి మీద ఊరిని, ఎర్రనేల మీద నల్లనేలను దీనితో పోల్చి మార్కులు వేయడం సరికాదు.

నా దృష్టిలో ఈ సేవకు పెట్టిన డబ్బంతా గిట్టుబాటు అయింది దీని తర్వాతి పరీక్షలోనే. మట్టిని సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ ద్రావణంలో రాత్రంతా గిలకొట్టి, మట్టి గడ్డలు పూర్తిగా విడిపోయాక 53 మైక్రాన్ల జల్లెడ మీద కడుగుతారు. 1992లో కాంబార్డెల్లా, ఇలియట్ వాడిన పద్ధతి ఇది. జల్లెడ మీద ఇసుకతో పాటు నిలిచేవి ఇంకా పూర్తిగా చివకని వేరు ముక్కలు, ఆకు పీచులు, పెంట తునకలు. జల్లెడ దాటి పోయేది ఒండ్రు, బంకమట్టి, వాటి ఉపరితలాలకు అంటిపెట్టుకున్న సేంద్రియ పదార్థం. మొదటిది కొన్ని ఏళ్లలోనో, దశాబ్దాలలోనో కరిగిపోతుంది. దున్నకం ఎక్కువైతే ముందు తరిగేది అదే. రెండోది సూక్ష్మజీవులు తిని, చచ్చి వదిలిన అవశేషాలతోనూ, కరిగి వచ్చిన చిన్న అణువులతోనూ ఏర్పడి, బంకమట్టినీ ఇనుప ఆక్సైడులనూ పట్టుకొని దశాబ్దాలు, కొన్నిసార్లు శతాబ్దాలు ఉంటుంది. మొదటిది ఇంట్లో చేతికందే గింజల డబ్బా అయితే రెండోది గాదె. రెండింటిలో ఏది ఖాళీ అయినా సంసారం నడవదు.

ఈ రెండు భాగాలలోనూ కర్బనాన్నీ నత్రజనినీ వేర్వేరుగా కొలిస్తేనే వాటి స్వభావం తెలుస్తుంది. బంకమట్టికి అంటుకున్న భాగంలో కర్బన-నత్రజని నిష్పత్తి సాధారణంగా పదికి అటూ ఇటూ ఉంటుంది, ఎందుకంటే సూక్ష్మజీవుల శరీరాలలో నత్రజని ఎక్కువ. జల్లెడ మీద నిలిచిన భాగంలో అది ఇరవై, ముప్పై, ఇంకా పైన కూడా ఉండవచ్చు, ఎందుకంటే అది ఇంకా మొక్కే. జొన్న చేను ఫలితం ఈ చిత్రానికి చక్కగా సరిపోయింది: కర్బనంలో ఎక్కువ వంతు బంకమట్టితో ఉంది, ముతక భాగం నిష్పత్తి మితంగా ఉంది. చెరకు చేనుకు వచ్చేసరికి ముతక భాగంలోనే చాలా కర్బనం ఉంది, దాని నిష్పత్తి చూస్తే నత్రజని నామమాత్రం. పైపైన చదివితే చెరకు చేనులో కొత్త సేంద్రియ పదార్థం పుష్కలంగా ఉందని అనిపిస్తుంది. అలా అయితే పర్మాంగనేట్ పరీక్ష ఎందుకు అంత తక్కువ చూపించింది?

ఇక్కడ కేంద్రంలోని శాస్త్రవేత్త స్వయంగా ఫోన్ చేసి, "ఆ చేనులో చెత్త కాల్చేవారా అండీ?" అని అడిగారు. కాల్చేవాళ్లమని నమూనా పత్రంలో నేను రాయలేదు. రాయడానికి అందులో గడి కూడా లేదు. ముతక భాగాన్ని భూతద్దం కింద చూస్తే నల్లటి, పెళుసు తునకలు కనిపించాయనీ, ఆ భాగాన్ని విడిగా పరారుణ కిరణాల పరీక్షకు పెడితే కర్బన వలయాల (ఆరోమాటిక్) బంధాలను సూచించే చోట శిఖరం బలంగా ఉందనీ, పీచు పదార్థాన్ని చూపే శిఖరాలు బలహీనంగా ఉన్నాయనీ చెప్పారు. అది బొగ్గు. మా చెరకు చేనులో కర్బనంగా లెక్కకు వచ్చినదాంట్లో గణనీయమైన భాగం ఏళ్ల తరబడి కాల్చిన చెత్త మిగిల్చిన మసి, బొగ్గు నలుసులు. అది మట్టిలో చాలా కాలం ఉంటుంది, నిజమే. కానీ సూక్ష్మజీవులకు మేత కాదు, వాటి ద్వారా పైరుకు నత్రజని అందించదు, మట్టి రేణువులను గుదిగుచ్చే జిగురునూ పెంచదు. వాన ఇంకకపోవడానికి కారణం ఇదొక్కటేనని నేను అనను. చెరకులో బండ్లు, ట్రాక్టర్లు తిరిగి నేల అణగడం కూడా ఉంది. కానీ ఒకే అంకె వెనుక రెండు వేర్వేరు పదార్థాలు ఉన్నాయన్న నా అనుమానానికి ఇంతకన్నా స్పష్టమైన జవాబు దొరకదు.

జల్లెడ పరీక్ష చేయించుకునేవారు ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. వరి కొయ్యకాళ్లు, పత్తి కట్టె, చెరకు చెత్త కాల్చిన అలవాటు ఉన్న చోట ముతక భాగంలో బొగ్గు కలిసి ఉంటుంది, ఒక్క జల్లెడతో దాన్ని వేరు చేయలేరు. బరువైన ద్రావణంలో తేల్చి వేరు చేసే పద్ధతి వాడినా బొగ్గు తేలికైనది కనుక మొక్క పీచులతో పాటే పైకి వస్తుంది. బొగ్గును కచ్చితంగా కొలిచే రసాయన పద్ధతులు ఉన్నాయి. బొగ్గును గాఢ నైట్రిక్ ఆమ్లంతో విడగొట్టి బెంజీన్ పాలీకార్బాక్సిలిక్ ఆమ్లాలుగా మార్చి లెక్కించడం వాటిలో ఒకటి. ఘనరూప అణు అయస్కాంత అనునాద పరీక్ష ఇంకొకటి. అవి పరిశోధనకు తగినవి, రైతు ఖర్చుకు తగినవి కావు. కర్బన-నత్రజని నిష్పత్తి, పర్మాంగనేట్ అంకె, భూతద్దం, చేను చరిత్ర, ఈ నాలుగూ కలిపి చదవగల మనిషి ప్రయోగశాలలో ఉంటే చాలు. ఆ మనిషి ఇక్కడ ఉన్నారు. ఈ సేవకు నేను ఎక్కువ మార్కులు ఇవ్వడానికి మొదటి కారణం అదే. అయితే పరారుణ పరీక్షను ముతక భాగం మీద కాకుండా మొత్తం మట్టి మీద చేసి, దానికి వేరే రుసుము తీసుకునే అంశం కూడా వారి పట్టికలో ఉంది. మొత్తం మట్టిలో ఇసుక, బంకమట్టి ఖనిజాల శిఖరాలు సేంద్రియ పదార్థపు గుర్తులను చాలావరకు కప్పేస్తాయి. దానికి డబ్బు పెట్టవద్దు.

పెట్టవద్దని ఇంకా గట్టిగా చెప్పవలసింది హ్యూమిక్, ఫుల్విక్ ఆమ్లాల విభజన పరీక్ష గురించి. వినడానికి ఇదే అన్నిటికన్నా శాస్త్రీయంగా తోస్తుంది, పైగా ఎరువుల దుకాణాల్లో హ్యూమిక్ సీసాలు చూసి చూసి రైతులకు ఆ మాట అలవాటైపోయింది. 1786లో జర్మనీలో అషార్డ్ అనే శాస్త్రవేత్త పీట్ మట్టి (చిత్తడి నేలల్లో సగం చివికిన మొక్కల పదార్థం) నుంచి క్షారంతో నల్లటి పదార్థాన్ని తీయడంతో ఈ విభజనకు దారి పడింది: క్షారంలో కరిగి, ఆమ్లం వేస్తే అడుగుకు దిగేది హ్యూమిక్ ఆమ్లం, రెండింటిలోనూ కరిగేది ఫుల్విక్ ఆమ్లం, దేనిలోనూ కరగనిది హ్యూమిన్. చిక్కు ఏమిటంటే ఇందుకు వాడే క్షారపు పీహెచ్ 13 దాకా ఉంటుంది. అంతటి క్షారం మట్టిలో సహజంగా ఎక్కడా ఉండదు. ఆ ద్రావణంలోకి వచ్చేవి మట్టిలో ఆ రూపంలోనే విడిగా ఉన్నాయని చెప్పడానికి నేరుగా చేసిన పరిశీలనలు అండగా నిలవడం లేదు. 2015లో లేమన్, క్లెబర్ నేచర్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో ఈ వాదననే గట్టిగా వినిపించారు: మట్టిలోని సేంద్రియ పదార్థం ప్రత్యేకమైన పెద్ద హ్యూమిక్ అణువుల సముదాయం కాదనీ, కుళ్లుతూ చిన్నవవుతూ ఖనిజాలకు అంటుకుంటూ విడివడుతూ సాగే అవశేషాల వరుస అనీ. ఈ అభిప్రాయంతో ఏకీభవించని శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఉన్నారు. ఆ చర్చ ఎలా ముగిసినా, హ్యూమిక్-ఫుల్విక్ నిష్పత్తి తెలిసినంత మాత్రాన చేలో ఏమి మార్చాలో రైతుకు తెలియదు. మా మూడు చేలకూ ఈ పరీక్ష చేయించాను. నిర్ణయం తీసుకోవడానికి పనికివచ్చే మాట ఒక్కటీ అందులో కనిపించలేదు. దుకాణంలో కొన్న పొటాషియం హ్యూమేట్ సరుకులో హ్యూమిక్ ఆమ్లం సీసా మీద రాసినంత ఉందో లేదో చూడటానికి మాత్రం ఇదే రసాయన సూత్రం పనికివస్తుంది; ఎందుకంటే ఆ సరుకును తయారు చేసేదే గని నుంచి తీసిన లియోనార్డైటు వంటి పదార్థాన్ని క్షారంతో కరిగించి.

పట్టికలో చివరన ఐసోటోపు పరీక్ష ఉంది. దీన్ని కేంద్రం తానుగా చేయదు, మరో చోటికి పంపించి చేయిస్తుంది. చెరకు, జొన్న, మొక్కజొన్న ఒక రకమైన కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి. పత్తి, కంది, వేరుశనగ, వరి మరో రకం. దాని వల్ల వాటి కర్బనంలో బరువైన కర్బనం-13 పాళ్లు వేరుగా ఉంటాయి: ప్రామాణికంతో పోలిస్తే మొదటి వర్గంలో వెయ్యికి సుమారు 13 తక్కువ, రెండో వర్గంలో సుమారు 27 తక్కువ. ఏళ్ల తరబడి పత్తి వేసిన నేలలో చెరకు మొదలుపెడితే, కొన్నేళ్ల తర్వాత మట్టి కర్బనంలో ఎంత కొత్త పైరుది, ఎంత పాతది అన్నది ఈ గుర్తుతో లెక్క వేయవచ్చు. రసాయన శాస్త్రం మట్టి చేత దాని చరిత్ర చెప్పించే ఈ తీరు నాకు ఎంతో ఇష్టం. కానీ జొన్న, కంది కలిపి వేసే చేలో రెండు గుర్తులూ కలిసిపోతాయి. పైగా గొర్రెలు ఏ బీళ్లలో ఏమి మేసి వచ్చాయో ఎవరు చెప్పగలరు? పంట వర్గం స్పష్టంగా ఒకసారే మారిన చేలకు తప్ప దీన్ని తీసుకోవద్దు. కేంద్రం వారు కూడా జొన్న చేనుకు ఈ పరీక్ష వద్దని ముందే చెప్పి రుసుము తీసుకోలేదు. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి.

ప్రయోగశాల నమ్మకాన్ని పరీక్షించడానికి జొన్న చేను మట్టినే బాగా కలిపి రెండు సంచుల్లో వేరు వేరు పేర్లతో పంపించాను. డైక్రోమేట్, దహన, పర్మాంగనేట్ అంకెలు రెండు సంచులకూ బాగా దగ్గరగా వచ్చాయి. జల్లెడ పరీక్షలో ముతక భాగం మాత్రం కొంత ఎడంగా వచ్చింది. ఇందులో ఆశ్చర్యం లేదు. పది గ్రాముల మట్టిలో ఒక వేరు ముక్క ఎక్కువ పడితే అంకె మారిపోతుంది. ఆక్షేపించవలసింది ఏమిటంటే, అంత ఊగే అంకెను కూడా దశాంశం తర్వాత మూడు స్థానాల వరకు ముద్రించి, ఎన్నిసార్లు కొలిచారో, ఎంత తేడా వచ్చిందో చెప్పకపోవడం. అడిగితే మూడు కొలతలూ పంపించారు. అడగకుండానే ఇవ్వవలసినవి అవి. నివేదిక అంతా ఇంగ్లీషులోనే ఉంది. తెలుగు వివరణ ఫోన్‌లో తప్ప కాగితం మీద లేదు. తెలుగు రైతుల దగ్గర రుసుము తీసుకునే సంస్థ ఒక్క పేజీ తెలుగు వివరణ జతచేయలేకపోవడానికి నాకు సరైన కారణం కనిపించదు. ఇస్తామన్న గడువు కూడా దాటింది, ముందుగా కబురు చేయలేదు.

అన్నిటికన్నా పెద్ద లోటు మట్టి సాంద్రత. శాతం అనేది బరువులో వంతు; హెక్టారులో ఎన్ని టన్నుల కర్బనం ఉందో తెలియాలంటే నిర్ణీత ఘనపరిమాణం గల ఉక్కు గొట్టంతో తీసిన మట్టి పొడి బరువు కావాలి. ఈ కేంద్రం దాన్ని అడగదు, కొలవదు, అయినా నివేదిక చివర హెక్టారుకు టన్నులు అని ఒక అంకె వేస్తుంది. అది అన్ని నేలలకూ ఒకే సాంద్రత అనుకొని వేసినది. నేల అణిగిపోయిన చెరకు చేనుకూ, గుల్లగా ఉన్న జొన్న చేనుకూ ఒకే సాంద్రత ఎలా వర్తిస్తుంది? కర్బన క్రెడిట్ల పేరుతో, అంటే నేలలో కర్బనం నిల్వ చేస్తే డబ్బు ఇస్తామని, ఊళ్లలోకి వచ్చి ఒప్పందాలు చేసుకునేవారు కూడా ఈ టన్నుల అంకెతోనే మాట్లాడుతున్నారు కనుక ఇది చిన్న విషయం కాదు. 15 సెం.మీ. లోతు వరకు హెక్టారు మట్టి బరువు సుమారు 22 లక్షల కిలోలు అనుకుంటే, కర్బనం 0.1 శాతం పెరిగిందంటే దాదాపు 2.2 టన్నుల కర్బనం చేరినట్టు. అది ఒక్క ఏడాదిలో జరిగే పని కాదు. మా సంగారెడ్డి జిల్లాలోనే, పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నల్లరేగడిలో 1976లో మొదలైన దీర్ఘకాల ప్రయోగం ఉంది. 24 ఏళ్ల తర్వాత 120 సెం.మీ. లోతు వరకు కొలిస్తే సంప్రదాయ సాగులో హెక్టారుకు 39.5 టన్నుల సేంద్రియ కర్బనం ఉండగా మెరుగైన సాగులో 46.8 టన్నులు ఉంది. అంటే ఏడాదికి టన్నులో మూడో వంతు కంటే కాస్త తక్కువ తేడా, అదీ నాలుగు అడుగుల లోతు వరకు కలుపుకొని. రెండేళ్లలో శాతం పెంచుతామని ఎవరైనా చెబితే దాన్ని ఈ అంకెతో పోల్చి చూడాలి.

నమూనా తీసే పద్ధతిపై కేంద్రం ఇచ్చిన సూచనలు బాగున్నాయి. చేనంతా వంకరటింకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల వి ఆకారంలో గుంట తీసి, అంచు నుంచి మట్టిని పలుచగా చెక్కి, అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తగ్గించాలి. నీడలో ఆరబెట్టాలి, ఎండలో కాదు. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్ప పోసిన చోట తీయవద్దు. ఇవి ఏ మట్టి పరీక్షకైనా చెప్పేవే. ఈ పరీక్షకు ప్రత్యేకంగా చెప్పవలసినవి రెండు: పైన పడి ఉన్న ఆకులను పక్కకు నెట్టి తీయాలి కానీ మట్టిలో కలిసిన వేళ్లను ఏరిపారేయకూడదు, పెంట తోలిన వెంటనే నమూనా తీయకూడదు. మొదటిది వారి సూచనల్లో ఉంది, రెండోది లేదు. సంవత్సరాల మధ్య పోల్చాలంటే ఏటా ఒకే కాలంలో, మేము చేసినట్టు కోత తర్వాత, దుక్కికి ముందు తీయడం మంచిది. చేనులో చెత్త కాల్చారా, గత పదేళ్లలో ఏ పంటలు వేశారు అని అడిగే గడులు ఆ పత్రంలో తప్పక చేర్చాలి. శాస్త్రవేత్త ఫోన్ చేసి అడిగారు కనుక సరిపోయింది, లేకపోతే మా చెరకు చేను నివేదిక తలకిందులుగా చదివేవాళ్లం. మరో మాట కూడా అడిగి తెలుసుకున్నాను. డైక్రోమేట్ పరీక్ష వ్యర్థాల్లో మిగిలిపోయే ఆరు సంయోజకతల క్రోమియం విషపదార్థం. దాన్ని కాలువలో వదలకుండా విషగుణం తగ్గించి, గడ్డకట్టించి అప్పగిస్తామని చెప్పి, ఆ ఏర్పాటును చూపించారు.

ఖర్చు విషయానికి వస్తే, మొత్తం జాబితా తీసుకుంటే మామూలు మట్టి పరీక్షకు అయ్యేదానికి ఎన్నో రెట్లు అవుతుంది, అదంతా తీసుకోవలసిన అవసరమూ లేదు. సున్నం తొలగించి చేసిన దహన పరీక్ష, పర్మాంగనేట్, జల్లెడ విభజనలో రెండు భాగాలకూ కర్బన-నత్రజని, ఈ మూడు చాలు; వాటికి అయ్యే ఖర్చు ఒక ఎకరం చెరకుకు వేసే ఎరువుల ఖర్చుతో పోలిస్తే చిన్నదే. ఎరువుల మోతాదు మాత్రమే కావాలనుకునేవారికి ప్రభుత్వ మట్టి పరీక్ష సరిపోతుంది, ఇది అక్కర్లేదు. ప్రకృతి సాగులోకి మారుతున్నవారికి, చెత్త కాల్చడం మానేసి నేలలోనే కలపాలనుకునేవారికి, కర్బన క్రెడిట్ల ఒప్పందం మీద సంతకం పెట్టబోతున్నవారికి మాత్రం మొదటి ఏడాదే ఈ మూడు అంకెలు తీసుకొని దాచుకోమని గట్టిగా చెబుతాను. మొదటి అంకె లేకపోతే తర్వాత వచ్చిన ఏ అంకెకూ అర్థం ఉండదు.

మేము ఈ ఏడాది చెరకు చెత్త కాల్చలేదు. సాళ్ల మధ్య పరిచి, తేమ ఉండగా కొంచెం యూరియా చల్లాం. ఫలితం చూడటానికి ఏళ్లు పడుతుంది, అప్పటికి ప్రయోగశాలలో మనుషులు, యంత్రాలు మారవచ్చు. అందుకే పరీక్షకు వాడగా మిగిలిన మట్టిని తిరిగి అడిగాను. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1843లో ప్రయోగాలు మొదలైన నాటి నుంచి మట్టి నమూనాలను దాచిపెట్టడం వల్లనే పాత మట్టిని కొత్త పద్ధతులతో మళ్లీ పరీక్షించగలుగుతున్నారు. మా కేంద్రం మిగిలిన మట్టిని చేను పేరు, లోతు, తేదీ రాసిన సంచుల్లో రుసుము లేకుండా తిరిగి పంపించింది. తర్వాతి నమూనాలతో పాటు ఈ పాత మట్టిని కూడా అదే రోజు, అదే ద్రావణాలతో పరీక్షించడానికి వారు ఒప్పుకున్నారు.